ఫుజి యోషిదా దారి, హట్ బస: కెమెరాతో ఒంటరిగా వెళ్లేవాళ్లకు రివ్యూ

కిలిమంజారోకైనా, మలేసియాలోని కినబాలుకైనా గైడ్ లేకుండా గేటు దాటనివ్వరు. జపాన్‌లోని ఫుజి పర్వతానికి అలాంటి నిబంధన లేదు. 3,776 మీటర్ల కొండ అయినా వేసవి సీజన్‌లో ఎవరైనా ఒక్కరే ఎక్కి దిగొచ్చు. దారి పొడవునా బోర్డులు, హట్‌లు (రాత్రి తిని పడుకునే కొండ బసలు), టాయిలెట్లు ఉంటాయి, ఎక్కువ భాగం ఫోన్ సిగ్నల్ కూడా అందుతుంది. ఫొటోగ్రఫీ సరదా ఉండి, ఒంటరిగా విదేశం వెళ్లి మొదటిసారి పెద్ద కొండ ఎక్కాలనుకునేవాళ్లకు ఇంతకంటే వీలైన చోటు తక్కువ. నాలుగు దారుల్లో ఎక్కువమంది ఎక్కేది ఉత్తరం వైపున్న యోషిదా దారి. ఈ రివ్యూ ఆ దారి గురించి, దాని మీది హట్‌లలో రాత్రి బస గురించి. చూసేది కెమెరా పట్టుకున్నవాళ్ల వైపు నుంచి.

తీర్పు ముందే చెప్పేస్తాను. హట్ బసకి పెట్టే ప్రతి యెన్నూ గిట్టుబాటే. కానీ అందరూ ఎగబడే శిఖరం మీది సూర్యోదయం మాత్రం ఫొటోల వరకు చూస్తే రెండో ఎంపికే. సరైన ఎత్తులో హట్ దొరికితే, దాని వాకిట్లో నిలబడి తీసిన ఫొటోలే మేలు. ఎందుకో వివరంగా చూద్దాం.

గేటు, టికెట్టు, ఖర్చు

యోషిదా దారి జులై 1 నుంచి సెప్టెంబర్ 10 వరకు తెరిచి ఉంటుంది. మిగతా మూడు దారులు, అంటే సుబాషిరి, గొతెంబా, ఫుజినోమియా, జులై 10న తెరుస్తారు. 2024లో యోషిదా దారికి గేటు పెట్టి 2,000 యెన్ల రుసుము మొదలుపెట్టారు. 2025లో నాలుగు దారులకీ 4,000 యెన్లు చేశారు. యోషిదాలో రోజుకి 4,000 మంది అని పరిమితి కూడా ఉంది. 2025 నిబంధన ప్రకారం మధ్యాహ్నం 2 గంటల నుంచి తెల్లవారుజామున 3 దాకా గేటు మూసేస్తారు. హట్ బుకింగ్ ఉన్నవాళ్లను మాత్రం ఆ వేళల్లోనూ వదులుతారు. బస లేకుండా రాత్రంతా ఎక్కి, సూర్యోదయం చూసి, అదే ఊపున దిగిపోయే పద్ధతిని ఆపడమే దీని ఉద్దేశం. ఆ పద్ధతిలో చలికి, ఎత్తుకి, నిద్రలేమికి కలిపి చాలామంది దెబ్బతినేవారు.

గేటు దగ్గర బట్టలు, సామాను కూడా చూస్తారు. వానకి పైకోటు, ప్యాంటు విడివిడిగా ఉండాలి. చలికోటు, కొండ నడకకు పనికొచ్చే బూట్లు ఉండాలి. ఇవి లేకపోతే వెనక్కి పంపే అధికారం అక్కడి సిబ్బందికి ఉంది. గొడుగు, పోంచో లాంటివి పనికిరావు, పైన గాలి కింది నుంచి కూడా కొడుతుంది. ఇవన్నీ ఇండియా నుంచి మోసుకెళ్లాలనేం లేదు. బూట్లు, రెయిన్ సూటు, కర్రలు, తలకి కట్టుకునే హెడ్‌ల్యాంప్ అద్దెకిచ్చే షాపులు టోక్యోలోనూ కొండ కింది కవగుచికో ప్రాంతంలోనూ ఉన్నాయి. బూట్లు మాత్రం సొంతవి, ఇంతకుముందు నడిచి అలవాటైనవి అయితేనే మంచిది.

హట్‌కి మనిషికి రెండు పూటల తిండితో కలిపి సుమారు 10,000 నుంచి 16,000 యెన్ల దాకా ఉంటుంది. శనివారాల్లో, ఆగస్టు మధ్యలో ఓబోన్ సెలవుల్లో ఇంకా ఎక్కువ. యెన్‌ని 60 పైసలుగా లెక్కేస్తే హట్‌కి ఆరు నుంచి పది వేల రూపాయలు, గేటుకి 2,400. పైన ప్రతి టాయిలెట్‌కీ 200 నుంచి 300 యెన్లు వేయాలి, అదీ నాణేల్లో. కనీసం ఇరవై వంద యెన్ల నాణేలు జేబులో ఉంచుకోండి. అర లీటరు నీళ్ల సీసా పైకి వెళ్లేకొద్దీ 500 యెన్ల దాకా పలుకుతుంది. అది న్యాయమైన ధరే. ఆ ఎత్తులో కుళాయి లేదు, బావి లేదు. సరుకంతా క్రాలర్ ట్రాక్టర్ల మీద పైకి చేరాల్సిందే.

బుకింగులు వసంతకాలంలో మొదలవుతాయి, శనివారాలు ముందుగా అయిపోతాయి. ఒక్క మనిషికి చోటివ్వడానికి హట్‌లకు అభ్యంతరం ఉండదు. ఇద్దరికో ముగ్గురికో చోటు లేని రోజున కూడా ఒక్కరికి దొరుకుతుంటుంది. ఒంటరిగా వెళ్లడంలో ఇదొక లాభం. ఆడవాళ్లు బుక్ చేసేటప్పుడే ఆడవాళ్ల వైపు చోటు అడగాలి. వాన పడి వెళ్లలేకపోయినా డబ్బు వెనక్కి రాని హట్‌లు ఉన్నాయి కాబట్టి రద్దు నిబంధన చదివాకే డబ్బు కట్టండి.

ఏ ఎత్తులో హట్?

అసలు నిర్ణయం ఇదే. ఫుజి దారిలో మజిలీలను స్టేషన్లు అంటారు. బస్సు దింపే ఐదో స్టేషన్ 2,305 మీటర్ల దగ్గర ఉంటుంది. టోక్యోలోని షింజుకు నుంచి నేరుగా బస్సు ఉంది, రెండున్నర గంటల ప్రయాణం. అక్కడి నుంచి శిఖరానికి మామూలు నడకలో ఆరు గంటలు. ఆ ఆరు గంటల దారిలో 2,700 మీటర్ల నుంచి 3,450 దాకా హట్‌లు వరసగా ఉంటాయి. కింది గుంపులో హనగోయా (2,700), తొరీసో (2,900) లాంటివి. మధ్య గుంపులో తోయోకాన్ (3,000), తైషికాన్ (3,100), హకూన్‌సో (3,200), గన్‌సోమురో (3,250). పై గుంపులో ఫుజిసాన్ హోటల్, తొమోఎకాన్ (రెండూ 3,400), అన్నిటికంటే పైన గొరాయ్‌కోకాన్ (3,450). తొమోఎకాన్ అనే పేరుతో ఏడో స్టేషన్ దగ్గర కూడా ఒక హట్ ఉంది. బుక్ చేసేటప్పుడు ఎత్తు చూసి మరీ నొక్కండి.

శిఖరం మీద సూర్యోదయమే లక్ష్యమైతే పై గుంపే తీసుకోవాలి. 3,400 నుంచి శిఖరానికి ఖాళీ దారిలో గంటా ఇరవై నిమిషాలు, రద్దీలో రెండు గంటలు దాటుతుంది. 3,100 నుంచి బయల్దేరితే రాత్రి ఒంటిగంటకే లేవాలి. 3,400 దగ్గర సుబాషిరి దారి వచ్చి యోషిదాలో కలుస్తుంది. అక్కడి నుంచి పైకి రెండు దారుల జనం ఒకే వరసలో నిలబడతారు. బ్రహ్మోత్సవాల్లో తిరుమల క్యూ చూసినవాళ్లకి ఆ నడక ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు: రెండడుగులు వేయడం, ఆగడం. ఆ ఆగడంలోనే చెమట చల్లారి చలి పట్టుకుంటుంది. ఆగస్టులో కూడా శిఖరం మీద సగటు ఉష్ణోగ్రత 6 డిగ్రీలే, తెల్లవారుజామున సున్నా దగ్గరికి పోతుంది. గాలి దీనికి అదనం. తీరా పైకి చేరాక తూర్పు అంచు మీద ముందు వరస అప్పటికే నిండి ఉంటుంది. మీ ఫ్రేములో సూర్యుడి కంటే తలలూ, ఎత్తి పట్టుకున్న ఫోన్లూ ఎక్కువ.

ఫొటోలే ముఖ్యమనుకుంటే మధ్య గుంపు మేలు. యోషిదా దారి ఈశాన్యానికి తెరుచుకుని ఉంటుంది. వేసవిలో సూర్యుడు ఉదయించేదీ ఈశాన్యానికి కాస్త తూర్పుగానే. కాబట్టి హట్ ముందు నుంచే పూర్తి సూర్యోదయం అడ్డు లేకుండా కనిపిస్తుంది. ఫుజినోమియా దారి దక్షిణం వైపుది కావడంతో చాలా చోట్ల ఈ వీలు లేదు. పైగా 3,100 దగ్గర నిద్ర కాస్త పడుతుంది, 3,400 దగ్గర చాలామందికి తలనొప్పితోనే తెల్లవారుతుంది.

ఇంకో లాభం ఉంది, దాన్ని ఎక్కువమంది లెక్కలోకి తీసుకోరు. యోషిదాలో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు. సూర్యోదయం అయ్యాక శిఖరం మీది జనమంతా దిగే దారిన పోతారు. ఆ రోజు కింద నుంచి ఎక్కేవాళ్లకి గేటు తెరిచేది 3 గంటలకి, వాళ్లు ఎనిమిదో స్టేషన్ చేరేసరికి బాగా పొద్దెక్కుతుంది. అంటే ఉదయం 5 నుంచి 7.30 మధ్య ఎక్కే దారి దాదాపు ఖాళీ. వాకిట్లో సూర్యోదయం తీసి, ఉపాహారం తిని, వెలుతురులో బండలు చూసుకుంటూ ఎక్కితే ఎనిమిది, ఎనిమిదిన్నరకి శిఖరం చేరొచ్చు.

సాయంత్రం: నీడ కోసం

ఫుజి ఫొటోల్లో అరుదైనది కాగెఫుజి, అంటే మేఘాల మీద పరుచుకునే కొండ నీడ. పొద్దున పడమటి వైపు, సాయంత్రం తూర్పు వైపు పడుతుంది. పొద్దునది తీయాలంటే సూర్యోదయానికి శిఖరం మీది అగ్నిపర్వత బిలం పడమటి అంచు మీద ఉండాలి. యోషిదా దారి శిఖరం చేరే చోటి నుంచి అది మరో ముప్పావు గంట నడక. సాయంత్రపు నీడ మాత్రం యోషిదా హట్‌ల ముందు నుంచే కనిపిస్తుంది. సూర్యాస్తమయానికి గంట ముందు నుంచి యమనాకా సరస్సు వైపు చూస్తూ ఉండండి. త్రికోణం మొదట పొట్టిగా, లేతగా ఉంటుంది. పొద్దు వాలేకొద్దీ మొన సాగి ఆకాశపు అంచు దాకా పోతుంది, చివరి పది నిమిషాల్లో మసక కమ్మేస్తుంది. కొండ ఏ ఆకారంలో ఉన్నా నీడ త్రికోణంగానే కనిపిస్తుంది. ఎందుకంటే అది పొడుగాటి నీడ, దూరానికి పోయేకొద్దీ సన్నబడినట్టు మన కంటికి అనిపిస్తుంది. 24 నుంచి 35 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది. నీడ తేలిగ్గా తేలిపోతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాప్ తగ్గించి, రా ఫైల్‌గా తీస్తే అంచులు నిలబడతాయి.

దీనికోసం హట్‌కి నాలుగింటికల్లా చేరాలి. అలా చేరాలంటే ఐదో స్టేషన్‌లో ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నరకి దిగి, అక్కడ కనీసం గంట ఊరికే గడిపి, పదిన్నరకి నడక మొదలుపెట్టాలి. ఆ గంట వృథా కాదు. సముద్రమట్టం దగ్గరి ఊరి నుంచి రెండున్నర గంటల్లో 2,300 మీటర్లకి వచ్చిన శరీరం సర్దుకోవాలి. శిఖరం మీద గాలి ఒత్తిడి కింద ఉన్నదానిలో మూడింట రెండు వంతుల లోపే. హట్ చేరగానే పడుకోవడం కూడా తప్పు. నిద్రలో శ్వాస నెమ్మదిస్తుంది, తలనొప్పి అక్కడే మొదలవుతుంది. అరగంటో గంటో మెలకువగా, బయట మెల్లగా తిరుగుతూ ఉండాలంటారు. నీడ కోసం ఎదురుచూడటం ఆ పనికి సరిగ్గా సరిపోతుంది. వాంతులు, నడక తూలడం, తగ్గని తలనొప్పి వస్తే మందు కిందికి దిగడమే. అక్కడ అమ్మే ఆక్సిజన్ డబ్బా కొన్ని నిమిషాల ఊరట మాత్రమే.

రాత్రి ఆకాశం గురించి ఒక హెచ్చరిక

పాలపుంత మధ్యభాగాన్ని ఫుజి మీద నుంచి తీయాలని ఆశపడి యోషిదా హట్ బుక్ చేసేవాళ్లు ఉంటారు. కుదరదు. ఆ భాగం జపాన్‌లో దక్షిణాన కిందగా, ఎక్కువలో ఎక్కువ పాతిక డిగ్రీల ఎత్తులో ఉంటుంది. యోషిదా వాలు మీద నిలబడితే దక్షిణాన ఉండేది కొండే. దొరికేది మరొకటి: నడినెత్తి మీద పాలపుంత సన్నటి భాగం, ఉత్తరాన ధ్రువతార, ఈశాన్యాన శర్మిష్ఠ (కాసియోపియా), దేవయాని (ఆండ్రోమెడా) రాశులు. ఆగస్టు 12, 13 తేదీల్లో పెర్సియిడ్ ఉల్కలు సరిగ్గా ఆ ఈశాన్యం నుంచే వస్తాయి. ఆ రెండు రాత్రుల బుకింగ్ ఓబోన్ రద్దీతో కలుస్తుంది కాబట్టి మొదటి రోజే చేసేయాలి. 20 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్ 1.8, ఐఎస్‌ఓ 3200, 10 నుంచి 13 సెకన్లు. 25 సెకన్లు ఉంచితే ఇప్పటి సెన్సర్ల మీద నక్షత్రాలు గీతలవుతాయి. కింద ఫుజియోషిదా ఊరి దీపాలు, దూరాన టోక్యో వైపు వెలుగు ఫ్రేము అడుగున మండిపోతాయి. వాటికి 3 సెకన్ల షాట్ ఒకటి వేరుగా తీసి తర్వాత కలపాలి.

అర్ధరాత్రి దాటాక ఇంకో మంచి అవకాశం: కింది మలుపుల్లో హెడ్‌ల్యాంపుల వరస. ఎఫ్ 4, ఐఎస్‌ఓ 800, 30 సెకన్ల చొప్పున ఒకదాని వెంట ఒకటి పది పన్నెండు తీసి, వెలుగు భాగాలు మాత్రం నిలిచేలా కలిపితే దారి మొత్తం గీసినట్టు వస్తుంది.

ట్రైపాడ్ పెట్టే చోటు జాగ్రత్తగా చూసుకోవాలి. హట్‌ల ముందు చాలా చోట్ల చెక్క పలకల నేల, చెక్క బల్లలు. ఎవరైనా పది అడుగుల దూరంలో నడిచినా పలక అదురుతుంది, 10 సెకన్ల ఫొటోలో ప్రతి దీపం రెండుగా వస్తుంది. పలక వదిలి రాయి మీదో మట్టి మీదో కాళ్లు పెట్టండి. మధ్య గొట్టం ఎత్తొద్దు, సన్నటి కింది భాగాలు లాగొద్దు, లావు భాగాలతో నడుం ఎత్తులోనే ఉంచండి. బ్యాగు వేలాడదీస్తే నేలకి ఆనేలా వేలాడదీయండి. గాలిలో ఊగే బ్యాగు ఉన్న కదలికకి తోడు ఇంకొంత తెస్తుంది. నడిచే దారి మీద ట్రైపాడ్ అసలు వద్దు. చీకట్లో అలసి వచ్చేవాళ్ల కాలికి తగిలితే పక్కన ఉన్నది లోయ.

లోపల ఎలా ఉంటుంది

హట్‌ని హోటల్ అనుకుని వెళితే నిరాశే. స్నానం లేదు, ముఖం కడుక్కునే నీళ్లూ లేవు. పొడవాటి అరుగు మీద స్లీపింగ్ బ్యాగులు పక్కపక్కనే ఉంటాయి, చాలా హట్‌లలో ఇప్పుడు మధ్యలో చెక్క అడ్డాలు పెట్టారు. ఎనిమిది, తొమ్మిదింటికి దీపాలు ఆర్పేస్తారు. అర్ధరాత్రి నుంచే కొందరు లేవడం మొదలుపెడతారు. చెవుల్లో పెట్టుకునే ప్లగ్‌లు తప్పనిసరి. మీ వల్ల పక్కవాళ్ల నిద్ర పోకుండా కెమెరా బ్యాగు రాత్రే సర్దేసి, ప్లాస్టిక్ కవర్ల బదులు బట్ట సంచులు వాడి, హెడ్‌ల్యాంప్ ఎర్ర లైటులో ఉంచుకోండి. ఇంత ఇరుకులోనూ హట్ మనుషులు చూపించే క్రమశిక్షణ, శుభ్రత మెచ్చుకోదగ్గవి. తడి బూట్లకి ఇచ్చే కవరు దగ్గర నుంచి ఎన్నింటికి లేపాలో అడిగి రాసుకోవడం దాకా అన్నీ పద్ధతిగా జరుగుతాయి.

చార్జింగ్ మీద ఆశ పెట్టుకోవద్దు. కరెంటు జనరేటర్‌ది. కెమెరా బ్యాటరీలు కనీసం మూడు, ఒక పవర్ బ్యాంకు. చలిలో లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగించి, సగం చార్జి ఉండగానే ఖాళీ అని చూపిస్తుంది. స్లీపింగ్ బ్యాగులో ఒంటికి దగ్గరగా పెట్టుకుని పడుకుంటే పొద్దున పూర్తిగా పనిచేస్తుంది. బయట చల్లబడ్డ కెమెరాని నేరుగా లోపలికి తెస్తే, అంతమంది ఊపిరితో తేమగా ఉన్న గదిలో అద్దం మీద నీరు పేరుకుంటుంది. బయటే జిప్ కవర్లో పెట్టి మూసి, లోపల అరగంట అలాగే వదిలేయాలి. కార్డు కావాలంటే ముందే తీసుకోండి.

తిండి సంగతి శాకాహారులు ముందే తేల్చుకోవాలి. రాత్రి భోజనం చాలా హట్‌లలో కూర అన్నం, దాని మీద మాంసం ముద్ద. జపాన్ కూరలో కలిపే మసాలా దిమ్మల్లో జంతు కొవ్వు సాధారణం కాబట్టి మాంసం తీసేయమంటే సరిపోదు. కప్పు నూడుల్స్‌లోనూ మాంసం, చేపల సారం ఉంటుంది. బుక్ చేసేటప్పుడే రాసి అడగండి, శాకాహారం ఇచ్చే హట్‌లు కొన్ని ఉన్నాయి. లేదంటే తిండి లేని బస తీసుకుని, మన వేడినీళ్ల ఉప్మా, పోహా ప్యాకెట్లు తీసుకెళ్లండి. వేడినీళ్లు డబ్బిస్తే దొరుకుతాయా అని ఆ హట్‌నే ముందు అడగాలి. వేరుశనగ చిక్కీ, ఖర్జూరం నడకలో చాలా పనికొస్తాయి. ఎత్తులో ఆకలి చచ్చిపోతుంది, తీపి ఒక్కటే లోపలికి పోతుంది. ప్యాకెట్లలో మాంసం ఉన్నవేవీ జపాన్‌లోకి తేనివ్వరు.

సూర్యోదయం, శిఖరం

సూర్యుడు జులైలో నాలుగున్నర ప్రాంతంలో, ఆగస్టు చివర ఐదు ప్రాంతంలో ఉదయిస్తాడు. యాప్‌లు చూపించే సమయం మామూలుగా సముద్రమట్టానిది. ఇంత ఎత్తు నుంచి ఆకాశపు అంచు దాదాపు రెండు డిగ్రీలు కిందికి ఉంటుంది కాబట్టి సూర్యుడు పది నిమిషాల దాకా ముందే కనిపిస్తాడు. యాప్‌ని నమ్మి టీ తాగుతూ కూర్చుంటే మొదటి అంచు తప్పిపోతుంది. రంగులు మాత్రం అంతకు నలభై నిమిషాల ముందే మొదలవుతాయి, మంచి ఫొటోలు ఎక్కువగా అప్పుడే. లెన్స్ మీది యూవీ ఫిల్టర్ తీసేయండి. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు దాని వల్ల ఆకుపచ్చ చుక్కలు పడతాయి. రెండేసి స్టాపుల తేడాతో మూడు షాట్లు తీసుకుంటే మేఘాల వెలుగు, కొండ నలుపు రెండూ దక్కుతాయి. కాసేపటికి వెనక్కి తిరిగి కొండ వైపు కూడా తీయండి. అగ్నిపర్వతపు ఎర్ర రాళ్ల మీద ఆ ఎండ పది నిమిషాలే ఉంటుంది.

ఏడు, ఎనిమిది స్టేషన్ల మధ్య దారి చేతులు కూడా వాడాల్సిన బండల మెట్లు, పక్కన గొలుసులు. మెడలో వేలాడే కెమెరా ప్రతి వంగుడుకీ రాయిని కొడుతుంది. బ్యాగు పట్టీకి బిగించే క్లిప్ వాడండి, లేదా ఆ గంటన్నర లోపల పెట్టేయండి. మొత్తం కెమెరా సామాను రెండున్నర కిలోలు దాటితే బాధే. ఒక 24–105 జూమ్, రాత్రి కోసం ఒక చిన్న వైడ్ ప్రైమ్ చాలు. 70–200 ఎఫ్ 2.8 ఈ కొండకి తేవడం అనవసరం. హెల్మెట్ పెట్టుకోవడం మంచిది, పై నుంచి రాళ్లు దొర్లే కొండ ఇది.

పైన బిలం చుట్టూ నడక మూడు కిలోమీటర్ల పైచిలుకు, గంటన్నర పడుతుంది. నైరుతి అంచున ఉన్న కెన్‌గమినే అసలు 3,776 మీటర్ల చోటు. 1964లో పూర్తయి 1999 దాకా తుపానులను గమనించిన వాతావరణ రాడార్ అక్కడే ఉండేది, దాని గోళం ఇప్పుడు కింద ఫుజియోషిదా మ్యూజియంలో ఉంది. శిలాఫలకం దగ్గర ఫొటో కోసం సూర్యోదయం తర్వాత పెద్ద వరస ఉంటుంది, ఎనిమిదిన్నర దాటాక తగ్గుతుంది. బిలం లోపలి గోడల రంగులకి ఆ వేళ ఎండ పక్క నుంచి పడి బాగుంటుంది. పది దాటితే కింద నుంచి మేఘం పొంగి కప్పేయడం మామూలు. ఆగస్టు మధ్యాహ్నాల్లో పిడుగుల భయం కూడా ఉంది. గాలి మరీ ఎక్కువగా ఉంటే బిలం చుట్టూ తిరగడం మానేయండి, అంచు మీద ఆసరా తక్కువ.

దిగేటప్పుడు తప్పులు

ఫుజిలో ఒంటరి ప్రయాణికులు ఎక్కువగా పొరపడే చోటు దిగే దారిలో ఎనిమిదో స్టేషన్ దగ్గరి చీలిక. అక్కడి దాకా యోషిదా, సుబాషిరి దిగే దారులు ఒకటే. బోర్డుల రంగు చూడాలి: యోషిదా పసుపు, సుబాషిరి ఎరుపు. పొగమంచులో ముందువాళ్ల వెంట నడిచి ఎర్ర బోర్డు వైపు పోతే, కొండకి మరో పక్క, సుమారు 2,000 మీటర్ల దగ్గర తేలతారు. అక్కడి నుంచి బస్సులు గొతెంబా వైపు పోతాయి, మీ సామాను, తిరుగు టికెట్టు కవగుచికో వైపు ఉంటాయి. టాక్సీ ఖర్చు హట్ ఖర్చుతో పోటీ పడుతుంది. తప్పకుండా ఫొటో తీసి పెట్టుకోవాల్సినది బోర్డు మీది పటమే.

శిఖరం నుంచి ఐదో స్టేషన్‌కి మూడున్నర, నాలుగు గంటలు. చీలిక దాటాక ఏడో స్టేషన్ దగ్గర ప్రభుత్వ టాయిలెట్ వచ్చేదాకా ఏమీ లేదు, పైనే వెళ్లి బయల్దేరాలి. దారంతా వదులు కంకర, మలుపు తర్వాత మలుపు. మడమ ముందు దించి, చిన్న అడుగులు వేస్తే జారడం తగ్గుతుంది. బూట్లలోకి రాళ్లు పోకుండా గెయిటర్లు, ముఖానికి మాస్కు కావాలి. ముందువాళ్ల అడుగుల నుంచి లేచే నల్లటి, ఎర్రటి ధూళి అగ్నిపర్వతపు రాయి పొడి, గాజులా గీస్తుంది. ఇక్కడ లెన్స్ మార్చకండి, జూమ్ కూడా తిప్పకండి. తిప్పినప్పుడల్లా గొట్టం గాలితోపాటు ధూళినీ లోపలికి పీలుస్తుంది. కెమెరా సంచిలో పెట్టి, ఫోన్‌తో తీసుకోండి.

కిందికి చేరాక లెన్స్‌ని గుడ్డతో తుడవడం మొదట చేయకూడని పని. ముందు బ్లోయర్‌తో ఊది, తర్వాత మెత్తటి బ్రష్, ఆ తర్వాతే గుడ్డ. ట్రైపాడ్ కాళ్లు పూర్తిగా లాగి, బిగించే మరలున్న చోట మంచినీళ్లతో కడిగి, లాగి ఉంచే ఆరబెట్టండి. మూసి ఉంచితే ఆ పొడి లోపల ఇరుక్కుని మరలు పట్టేస్తాయి. తిరుగు బస్సు బుక్ చేసేటప్పుడు మీ లెక్కకి రెండు గంటలు కలిపి తీసుకోండి. సీజన్‌లో మధ్యాహ్నం బస్సులు నిండిపోతాయి, తప్పిపోతే కవగుచికో స్టేషన్‌కి లోకల్ బస్సు పట్టుకుని రైల్లో టోక్యో చేరాలి.